ఉల్లిపాయల కొట్టు మీద మంచు

తెల్లారి లేవగానే ఫణికిరణ్ మొహం కడుక్కోడు. ముందు మిషను కడుగుతాడు.

రాత్రి వాడగా టాంకీలో మిగిలిన నీళ్ళు బొట్టు లేకుండా పారబోస్తాడు. నిన్నటి నీళ్ళ మీద ఇవాళ్టి నీళ్ళు పొయ్యకూడదు. టాంకీ కింద రూపాయి బిళ్ళంత రేకు ఒకటుంటుంది. నీళ్ళని మంచు చేసేది అదే. దాని చుట్టూ పాత బ్రష్షుతో, చంటిపిల్లకి పళ్ళు తోమినట్టు మెల్లగా తోముతాడు. టాంకీని పంచె ముక్కతో తుడిచి, డాబా పిట్టగోడ మీద ఎండకి బోర్లిస్తాడు. అది ఆరేలోపు తను కాఫీ తాగి వస్తాడు. ఆరాక ఫిల్టరు నీళ్ళు పోసి, గదిలో స్టూలు మీద పెట్టి స్విచ్చి వేస్తాడు. మిషను మూతిలోంచి తెల్లగా మంచు లేస్తుంది. మంచం మీదున్న భార్య పద్మప్రియ అటు తిరిగి, నోరు తెరిచి గాలి పీల్చుకుంటుంది. అప్పుడు తలుపు దగ్గరికి లాగి, కింద సందులో ఖాళీ గోతాం చుట్టి కుక్కి, మెట్లు దిగి కొట్లోకి వెళ్తాడు.

కింద వాళ్ళది ఉల్లిపాయల కొట్టు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం అంటే తెలియనిదేముంది, మహారాష్ట్ర నుంచీ కర్నూలు నుంచీ లారీలు వచ్చి వీధంతా నిలబడతాయి. ఫణికిరణ్ తండ్రి జోగారావుగారు ఆ వీధిలో పాత వ్యాపారి. కింద కొట్టు, పైన ఇల్లు. ఉల్లిపాయకి చెమ్మ పడదు. చెమ్మ తగిలిందంటే ముందు మొలక లేస్తుంది, తర్వాత నల్లగా బూజు పడుతుంది, ఆ తర్వాత గోతాంలోంచి నీరు కారుతుంది. అందుకని జోగారావుగారు కొట్లో కిటికీలన్నీ తెరిపించి, ఫ్యాన్లు తిప్పించి, గోతాలు గోడకి తగలకుండా చెక్కల మీద వేయిస్తారు. వానాకాలంలో బస్తాలు మోసే ముఠావాళ్ళు తడి కాళ్ళతో లోపలికి వస్తే కేకలేస్తారు.

అలాంటి ఇంట్లోకి మంచు రావడం కష్టమే. కానీ వచ్చింది. కోడలితో పాటు వచ్చింది.

పద్మప్రియది కొల్లేటి లంక, సరస్సు మధ్య ఊరు. లంకలో పుట్టిన పిల్ల పెళ్ళయి అత్తారింటికి వెళ్తే, వెనకాలే కొంచెం మంచు వెళ్తుంది. అది మామూలే. మాఘమాసంలో పెళ్ళయింది. పెళ్ళిబస్సు కైకలూరు దాటినప్పట్నుంచీ మంచు వెనకాలే వచ్చింది. రైలుగేటు పడితే ఆగింది. గేటు లేపాక మళ్ళీ బయల్దేరింది. గుమ్మంలో అత్తగారు విజయకుమారి కోడలికి హారతిచ్చి, మంచు కూడా లోపలికి రావాలి కదా అని కాస్త పక్కకి జరిగి నుంచుంది.

"మీ కోడలి మంచు దిట్టంగా ఉందండీ. మా చిన్నకోడలిది మరీ పల్చన, మధ్యాహ్నానికే కనపడదు," అంది పక్కింటావిడ.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉప్పు చెమర్చింది. అగ్గిపుల్లలు వెలగడం మానేశాయి. జోగారావుగారి పేపరు తడిగుడ్డలా వేలాడేది. వాటన్నిటికీ ఆయన సర్దుకున్నారు. ఒక్క మాటే అన్నారు.

"మంచు నీ గదిలోనే ఉండాలమ్మా. కొట్లోకి దిగకూడదు."

"అలాగే మావయ్యగారూ," అంది పద్మప్రియ.

దిగలేదు కూడా. ఆ పిల్ల వంటకీ పనికీ బయటికి వచ్చినా మంచు గదిలో మంచం చుట్టూ పడుకుని ఉండేది. సాయంత్రం ఆ పిల్ల వెళ్ళి తలుపేసుకుంటే లేచి వచ్చి మొహానికి తగిలేది. ఫణికిరణ్‌కి ఆ గది చాలా ఇష్టం. పదో తరగతి తప్పినప్పట్నుంచి తండ్రి కింద కొట్లోనే పని. పదిమంది ఉన్నచోట నోరు పెగలదు. ఆ గదిలో మటుకు భార్యతో గుసగుసగా ఏవేవో చెప్పేవాడు. మంచులో ఒకళ్ళ మొహం ఒకళ్ళకి సరిగా కనపడదు కదా, అతనికి అదే ధైర్యం.

రెండో ఎండాకాలంలో, సరస్సుని ఆక్రమించారని గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మిషన్లు పెట్టి తవ్వారు, మందుపెట్టి పేల్చారు. చెరువుల్లో నీళ్ళు పోయాయి. ఆ ఏడు ఎండలు కూడా అలాగే ఉన్నాయి, సరస్సు అడుగంతా బీటలు పడింది. పద్మప్రియ అన్నయ్య వెంకట్రాజుకి ఉన్న కాస్త చెరువూ పోయింది. అతను భీమవరం దగ్గర ఉండి అనే ఊరు వెళ్ళి, ఎవరిదో చేపల చెరువుకి కాపలా కుదిరి గట్టు మీదే ఇల్లు వేసుకున్నాడు.

ఇక్కడ గదిలో మంచు పల్చబడింది. ముందు దోమతెరలా ఉంది. తర్వాత మంచం కిందికి దిగిపోయింది. ఒకరోజు పద్మప్రియ వంగి చూస్తే అక్కడ కూడా లేదు.

వారం తిరక్కుండా ఆ పిల్లకి పెదాలు పగిలాయి, మడమలు పగిలాయి, గొంతు బొంగురుపోయింది. తర్వాత మోచేతుల దగ్గర చర్మం నెర్రెలిచ్చింది. అందులోంచి రక్తం రాలేదు. సన్నటి నల్లమట్టి పొడి రాలింది. విజయకుమారి పొద్దున్నే పక్క దులిపి ఆ పొడి చీపురుతో ఎత్తి పూలకుండీలో పోసేది. కిటికీకి తడి దుప్పట్లు కట్టింది, వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లింది. అవి గంటలో ఆరిపోయేవి.

చర్మం డాక్టరుగారు చూసి, "లంక అమ్మాయి కదూ? ఈ నెలలో ఇలాంటివాళ్ళు చాలామంది వస్తున్నారు. నా మందులు పని చెయ్యవండీ. గదిలో తేమ పుట్టించే మిషను దొరుకుతుంది, హ్యూమిడిఫైయర్ అని. ఏలూరులో చూడండి," అన్నారు.

ఫణికిరణ్ పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి ఏలూరు వెళ్ళాడు. పవర్‌పేటలో మొహిద్దీన్‌గారని, ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే పెద్దాయన. కౌంటరు దగ్గర ఆయన భార్య జులేఖా కూర్చుని ఉంది. ఫణికిరణ్ లోపలికి వెళ్ళి, ఏమడగాలో తెలియక, ఒక టేబుల్ ఫ్యాను ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏవండీ, ఈ అబ్బాయిగారికి ఫ్యాను కాదు, మంచు మిషను కావాలి. మొహం చూస్తే తెలియట్లేదూ, లంక అల్లుడు," అంది జులేఖా.

మొహిద్దీన్‌గారు నవ్వి మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇది నీళ్ళు మరగబెట్టి ఆవిరి వదిలేది బాబూ. క్రిములుండవు. కానీ చెయ్యి తగిలితే బొబ్బలెక్కుతుంది, అసలే వేడిగా ఉండే గదికి వద్దు. ఇది లోపల తడి వత్తి, వెనక ఫ్యాను. మంచిదే. వత్తి నెలనెలా మార్చాలి, మార్చకపోతే పాచివాసన. ఇదేమో చప్పుడు లేకుండా చల్లటి మంచు తీస్తుంది. దీనికి నీళ్ళు మంచివి కావాలి. బోరునీళ్ళు పోశారనుకోండి, గదంతా తెల్లటి సుద్ద పడుతుంది. మీ గది ఎంతుంటుంది?"

ఫణికిరణ్ చేతులు చాపి చూపించాడు.

"అయితే ఈ చల్లది సరిపోతుంది. కింద పెట్టకండి, స్టూలు మీద పెట్టండి. మూతి గోడవైపు తిప్పకండి. గోడలకి చెమట పడుతుందంటే ఎక్కువైందన్నమాట, తగ్గించాలి. రోజూ కడగాలి, ఆరబెట్టాలి. వారానికోసారి వెనిగర్ పోసి నానబెట్టండి, దొరక్కపోతే నిమ్మరసం. నీళ్ళలో ఇంకేం కలపకూడదు. కడగటం బద్ధకమైతే ఇప్పుడే చెప్పండి, అమ్మను. పాచి పట్టిన మిషను పెట్టుకోవడం కన్నా లేకపోవడం నయం."

"కడుగుతానండీ," అన్నాడు ఫణికిరణ్. ఆ కొట్లో అతను అన్న మొదటి మాట అది.

"అమ్మాయిని కూడా తీసుకురావాల్సింది బాబూ. ఏది ఒంటికి పడుతుందో ఆవిడకే తెలుస్తుంది."

"ఇంటి దగ్గరుందండీ. ఎండ కదా అని..."

"సర్లెండి. ఇంటికెళ్ళాక అడగండి మరి," అన్నారు మొహిద్దీన్‌గారు.

ఇంటికి తెచ్చి స్విచ్చి వేస్తే పద్మప్రియ మిషను ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది. పెదాలు తడిశాయి. ఫణికిరణ్‌కి ఆనందంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలా ఉందని అడగలేదు. కనపడుతూనే ఉంది కదా అనుకున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు అతను కొట్లోంచి పైకి వచ్చేసరికి గదిలో మంచు పసుపుగా ఉంది. దుప్పటి పసుపు, గోడ పసుపు, మంచం మీద పద్మప్రియ పసుపురంగు దగ్గు దగ్గుతోంది. విజయకుమారి పక్కనే నిలబడి విసురుతోంది.

"ఉత్త నీళ్ళ ఆవిరి పడితే ఏం లాభంరా? కాస్త పసుపూ నీలగిరి తైలం వేశాను. జలుబుకి మనం వేసుకోమూ?" అంది.

వెయ్యకూడదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అమ్మ మంచి మనసుతో చేసింది, బాధపడుతుందేమో అని ఫణికిరణ్ ఊరుకున్నాడు. మిషను డాబా మీదికి పట్టుకుపోయి సాయంత్రం దాకా కడిగాడు. నిమ్మకాయలు పిండి నానబెట్టాడు, సన్నటి పుల్లకి దూది చుట్టి సందులన్నీ తుడిచాడు. ఆ తర్వాత కిందికి వెళ్ళేటప్పుడల్లా టాంకీ మూతకి తాడు బిగించి కట్టేవాడు. విజయకుమారి ఆ తాడు చూసింది. కోడలి గదిలోకి రావడం తగ్గించేసింది.

మిషను కడగడంలో ఫణికిరణ్‌కి పేరొచ్చింది. లంక అమ్మాయిల మొగుళ్ళు పెంటపాడు నుంచీ ముదినేపల్లి నుంచీ వచ్చి అడిగేవాళ్ళు. మనుషులతో మాట్లాడలేనివాడు, మిషను గురించయితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. కొట్లో వాళ్ళకి అదొక వేళాకోళం.

"డాక్టరుబాబుగారూ, ఆ మిషనేదో ఓసారి మాకేసి తిప్పండి, ఉక్కకి సచ్చిపోతన్నాం," అనేవాడు ముఠామేస్త్రి వరదానం.

"వాడు తిప్పడ్రా, మిషను మూతి అరుగుతుందని వాడికి భయం," అనేవారు జోగారావుగారు. అందరూ నవ్వేవాళ్ళు. ఫణికిరణ్ కూడా తలొంచుకుని నవ్వేవాడు.

ఒక ఆదివారం ముదినేపల్లి నుంచి సుందరరావు అనే ఆయన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫణికిరణ్ వెనిగర్ ఎంత కలపాలో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మిషను కోసం కాదండీ, మీకు మాట చెప్పి వెళ్దామని వచ్చాం. మేం మిషను అమ్మేస్తున్నాం. చెరువు గట్టు దగ్గర చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాను. మా నాన్నతో పెద్ద గొడవే అయిందనుకోండి. కానీ ఈవిడకి చెరువు మంచు పట్టింది. చూడండి, చేతులు ఎలా మెత్తబడ్డాయో."

ఆయన భార్య సిగ్గుపడుతూ చేతులు చూపించింది. లోపలి గదిలోంచి పద్మప్రియ అంతా విన్నది.

వాళ్ళు వెళ్ళాక అడిగింది. "ఏవండీ, మనం కూడా ఇల్లు మారదామండీ."

గొంతు పూర్తిగా రాదు, అందుకని అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చెప్పింది. "రెండు గదులు చాలండీ. చెరువు పక్కనయితే మరీ మంచిది. లేకపోయినా పర్లేదు, కింద ఉల్లిపాయలు లేకపోతే చాలు. తలుపులు తీసుకుని పడుకోవాలనుందండీ. ఈ గోతాం వాసనకి నాకు ఊపిరాడట్లేదు."

"నాన్నగారితో చెప్తాను," అన్నాడు ఫణికిరణ్.

"ఎప్పుడు చెప్తారండీ?"

"చెప్తాను పద్మా. సమయం చూసి."

సమయం రాలేదు. పొద్దున కొట్లో లారీలుండేవి, మధ్యాహ్నం నాన్నగారు పడుకునేవారు, సాయంత్రం కాటా దగ్గర జనం ఉండేవాళ్ళు. జోగారావుగారు ఒంటరిగా కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు కూడా ఫణికిరణ్ ఆయన ఎదురుగా నిలబడేవాడు, నిలబడి, మిషను కడిగే వేళయిందని గుర్తొచ్చి పైకి వెళ్ళిపోయేవాడు. రోజుకి ఒకసారి కడిగేది రెండుసార్లు కడగడం మొదలుపెట్టాడు. పద్మప్రియ మంచం మీద నుంచి అతని వీపు చూస్తూ ఉండేది.

"మిషను తళతళలాడిపోతోందండీ," అంది ఒకరోజు.

మెచ్చుకుంటోందనుకున్నాడు అతను.

దసరా ముందు వానలు పట్టుకున్నాయి. కర్నూలు సరుకు తడిసి వచ్చింది. కొట్టు నిండా గోతాలు, మెట్ల కింద గోతాలు, వీధి అరుగు మీద టార్పాలిన్ కప్పి గోతాలు. జోగారావుగారు ఒక గోతాం విప్పి ఉల్లిపాయ నొక్కి చూశారు. బొటనవేలు లోపలికి దిగింది. తలెత్తి పైకప్పు కేసి చూశారు. కప్పు మీద చెమ్మ మరక ఉంది. సరిగ్గా కోడలి గది కింద.

"ఫణీ," అని పిలిచారు.

"నాన్నగారూ."

"ఈ సరుకు కదిలేదాకా ఆ మిషను ఆపు."

ఫణికిరణ్ కప్పు మీది మరక కేసి చూశాడు.

"నేను కోడల్ని చంపమనట్లేదురా. సరుకు పోతే ఈ ఇంట్లో ఎవరం మిగలం. వానాకాలమే కదా, బయట తేమ ఉంది కదా. ఆ అమ్మాయి కిటికీ తీసుకుని కూర్చుంటుంది. ఏమంటావు?"

ఏమైనా అంటాడేమో అని ఆయన నిజంగానే ఆగారు. ఆ ఆగడం ఫణికిరణ్‌కి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది. వేరే ఇంటికి వెళ్తాం నాన్నగారూ అనడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. వరదానం గోతాం దించుతూ మధ్యలో ఆగి ఇటే చూస్తున్నాడు. ఫణికిరణ్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. తలూపాడు.

పైకి వెళ్ళి స్విచ్చి తీశాడు. "కొద్దిరోజులే పద్మా. సరుకు వెళ్ళిపోగానే మళ్ళీ పెడతాను."

"మావయ్యగారు చెప్పారా?"

"ఊఁ."

"మీరేమన్నారు?"

ఫణికిరణ్ టాంకీ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. "వాడనప్పుడు నీళ్ళు ఉంచకూడదు. పాచి పడుతుంది," అని బయటికి వెళ్ళాడు.

బయట వాన తేమ ఉన్నా అది పద్మప్రియకి పట్టలేదు. గూడెం వాన వేరు, కొల్లేటి మంచు వేరు. మూడో రోజుకే ఆ పిల్ల కనురెప్పలు వాల్చినా మట్టి రాలేది. నీళ్ళు తాగితే పెదవి మీదే ఇంకిపోయేవి. విజయకుమారి చూడలేక తనే పక్కింటికి వెళ్ళి వెంకట్రాజుకి ఫోను చేసింది.

వెంకట్రాజు మర్నాడే ఆటో కట్టించుకుని వచ్చాడు. తడి దుప్పట్లూ మంచినీళ్ళ టిన్నూ తెచ్చాడు. చెల్లెల్ని చూసి గోడకి చేరబడ్డాడు.

"బావా, చెల్లాయిని తీసుకెళ్తాను. మా చెరువు గట్టు మీద తెల్లారేసరికి మంచు చెయ్యి చాపితే తగులుతుంది. నువ్వు కూడా వచ్చెయ్. చెరువులో పని ఇప్పిస్తాను. తవుడు మొయ్యడం, మేత చల్లడం. నీకు రాని పనేం కాదు."

ఫణికిరణ్ మెట్ల కేసి చూశాడు. కింద తండ్రి గొంతు వినపడుతోంది, లారీవాడి మీద అరుస్తున్నారు. "ఈ సరుకు కదలనీ వెంకట్రాజూ. నాన్నగారు ఒక్కరూ అయిపోతారు. సరుకు కదలగానే వచ్చేస్తాను."

"రేపొచ్చినా సరేనండీ," అంది పద్మప్రియ. "పోనీ ఎల్లుండి. వస్తానని కిందికెళ్ళి మావయ్యగారికి ఒక్క మాట చెప్పి రండి. మీరు చెప్పొచ్చేదాకా నేను ఆటో ఎక్కను."

వెంకట్రాజు చెల్లెల్ని తడి దుప్పట్లో చుట్టాడు. ఫణికిరణ్ కిందికి దిగాడు. జోగారావుగారు కాటా దగ్గర తూకం చూస్తున్నారు. ఫణికిరణ్ పక్కకెళ్ళి నిలబడ్డాడు. "పట్టుకోరా," అని ఆయన ఒక గోతాం చెవి చేతికిచ్చారు. పట్టుకున్నాడు. ఇంకోటిచ్చారు. అదీ పట్టుకున్నాడు. లారీ దించడం అయ్యేసరికి వీధిలో ఆటో శబ్దం వినపడింది. పద్మప్రియ అందాకా గుమ్మంలోనే నిలబడి ఉందని తర్వాత విజయకుమారి చెప్పింది.

అదే రోజు సాయంత్రం, ఎవరూ లేని గదిలోకి వెళ్ళి ఫణికిరణ్ స్విచ్చి వేశాడు. సరుకు తడుస్తుందని తెలుసు. అయినా వేశాడు. ఆ పిల్ల ఉన్నప్పుడు వెయ్యలేనిది, లేనప్పుడు వేశాడు. టాంకీ అంతా అయిపోయేదాకా మంచం పక్కన కింద కూర్చున్నాడు. గదంతా దట్టంగా నిండింది. తర్వాత మిషను ఆపి, కడిగి, తుడిచి బోర్లించి, తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

మంచు కూడా బయటికి వచ్చింది.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్తే అదీ వెళ్ళింది. మెట్లు దిగితే దిగింది. వారం గడిచినా, మిషను అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించినా, అది అతన్ని వదల్లేదు. పద్మప్రియ వెంట ఏ మంచూ వెళ్ళలేదని వెంకట్రాజు ఫోను చేసినప్పుడు తెలిసింది.

"అదేంటి బావా, మిషను మంచయినా వెంట రావాలి కదా అని చెల్లాయిని అడిగాను. అది నాది కాదన్నయ్యా, ఆయనది, ఆయనే చేసుకున్నారు అంది."

"ఎలా ఉంది?" అన్నాడు ఫణికిరణ్.

"బాగుంది. చెరువు మంచు పట్టింది. గొంతొచ్చేసింది, నన్ను కూడా తిడుతోంది." ఆగి అడిగాడు. "ఎప్పుడొస్తున్నావు?"

"వస్తాను," అన్నాడు ఫణికిరణ్.

కొట్లో ఫణికిరణ్ ఏ గోతాం పక్కన నిలబడితే అది మొలకెత్తింది. జోగారావుగారు ముందు దూరంగా కూర్చోమన్నారు. తర్వాత వీధి అరుగు మీద కూర్చోమన్నారు. అరుగు మీద కూర్చుంటే లారీవాళ్ళకి కొట్టు బోర్డు కనపడలేదు. వరదానం కూడా వేళాకోళం మానేశాడు. చివరికి దీపావళి వెళ్ళాక జోగారావుగారు కొడుకుని పిలిచారు. మంచులోకి చూస్తూ, మొహం ఎక్కడుందో తెలియక, కాస్త పక్కకి మాట్లాడారు.

"ఇంకెక్కడైనా ఇల్లు చూసుకోరా. వ్యాపారం పోతుంది."

ఎన్ని నెలల నుంచో తను అడగాలనుకున్నది, తండ్రే చెప్పేశారు. "అలాగే నాన్నగారూ," అన్నాడు ఫణికిరణ్.

కాలవ దగ్గర పెంకుటిల్లు దొరికింది. రెండు గదులు. తలుపులు బార్లా తీసుకోవచ్చు. తాళం జేబులో వేసుకుని, మర్నాడు తెల్లారకుండానే ఉండి ఊరికి బయల్దేరాడు. బస్సులో కండక్టరు ఎక్కనివ్వలేదు. "మంచుతో లోపలికి రాకూడదండీ, డ్రైవరుకి అద్దం కనపడదు. మీకు అభ్యంతరం లేకపోతే పైన కూర్చోండి," అన్నాడు మర్యాదగానే. బస్సు టాపు మీద, అరటిగెలల పక్కన కూర్చుని ఫణికిరణ్ దారంతా పైకే మాట్లాడుకున్నాడు. "పద్మా, ఇల్లు చూశాను. కింద ఉల్లిపాయలు లేవు. పద్మా, ఇల్లు చూశాను." భీమవరంలో బస్సు మారాక కూడా అదే. అలవాటైతే మాట దానంతటదే వస్తుందని.

ఉండిలో దిగి, దారి అడుగుతూ అడుగుతూ చెరువుల మధ్య గట్టు పట్టుకుని వెళ్ళాడు. చెరువు మీద మంచు లేచి ఉంది. అతని మంచు అతని చుట్టూ ఉంది. రెండూ కలవలేదు. గట్టు మీద పాకలోంచి పొగ వాసన, బకెట్టు చప్పుడు. ఆ తర్వాత పద్మప్రియ నవ్వు వినపడింది. "తవుడు బస్తా తడిపేశావు కదా అన్నయ్యా, ఇప్పుడు చేపలకి నువ్వే దోసెలు పొయ్యి," అంటోంది. గొంతు గలగలలాడుతోంది. పెళ్ళయిన కొత్తల్లో కూడా ఆ గొంతు అంత గట్టిగా అతను వినలేదు.

దగ్గరికి వెళ్ళాడు. నాలుగడుగుల దూరంలో ఉన్నట్టుంది ఆ పిల్ల. గాజులు వినపడుతున్నాయి. మనిషి కనపడలేదు.

"ఎవరండీ అక్కడ?" అంది పద్మప్రియ.

ఫణికిరణ్ నోరు తెరిచాడు. మంచు నోట్లోకి వెళ్ళింది. అడుగుల చప్పుడుకే తెలుసుకుంటుందేమో అని ఒక్క క్షణం ఆగాడు. పేరు పెట్టి పిలిస్తే రమ్మంటుందో, పొమ్మంటుందో.

"ఎవరండీ? మాట్లాడరేం?" ఈసారి ఇంకొంచెం దగ్గరగా అడిగింది. అడిగి, చాలాసేపు ఆగింది. బకెట్టు కింద పెట్టిన చప్పుడయింది. చెరువులో ఒక చేప ఎగిరి పడింది. అతని పెదాలు కదిలాయి కూడా. పద్మా అన్న ఆకారంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

"ఎవరే?" అని లోపల్నుంచి వెంకట్రాజు అరిచాడు.

"ఎవరూ లేరన్నయ్యా. ఎవరో దారి తప్పినట్టున్నారు," అంది పద్మప్రియ. తర్వాత మంచులోకి, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా చెప్పింది. "ఇటు దారి లేదండీ, చెరువే. రోడ్డు మీ వెనకుంది. సూటిగా వెళ్ళిపోండి."

బకెట్టు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫణికిరణ్ ఆ పిల్ల చెప్పినట్టే వెనక్కి తిరిగి, సూటిగా రోడ్డు వైపు నడిచాడు. మంచు వెనకాలే వెళ్ళింది.